‘పితా ధర్మః’ శ్లోకం వెనుక నిలబడిన కొడుకు

గౌరవనీయులైన సంపాదకులకు,

జూన్ మూడో ఆదివారం నాటి తండ్రుల దినోత్సవం సందర్భంగా మీ పత్రిక అనుబంధంలో తండ్రీకొడుకుల పురాణగాథలకు కేటాయించిన పుటలను శ్రద్ధగా చదివాను. తండ్రి మాట నిలబెట్టడానికి అడవికి వెళ్లిన రాముడు, యయాతికి తన యౌవనాన్ని ధారపోసిన పూరుడు, శంతనుడి కోసం రాజ్యాన్నీ సంసారాన్నీ వదులుకొన్న దేవవ్రతుడు అందులో ఉన్నారు. పుట పైభాగాన పెద్ద అక్షరాలతో ‘పితా ధర్మః పితా స్వర్గః పితా హి పరమం తపః’ అని వేసి, దాని కింద చిన్నగా ‘మహాభారతం’ అని రాశారు. రాసింది తప్పు కాదు. అయితే ఆ శ్లోకం భారతంలో ఎవరి నోట, ఏ ఘడియలో వచ్చిందో తెలిస్తే ఆ పుటలోని మిగిలిన కథలన్నిటినీ మరో చూపుతో చదవవలసి వస్తుంది కనుక, దాని వెనుక ఉన్న కథను పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ శ్లోకం శాంతిపర్వంలోని మోక్షధర్మ భాగంలో ఉంది. పుణె భండార్కర్ సంస్థ పరిష్కరించిన ప్రతిలో అది 258వ అధ్యాయం, ఉత్తరాదిన వాడుకలో ఉన్న ప్రతిలో 266వది. ఏ పనినైనా త్వరగా పరీక్షించి చేయాలా, నిదానించి చేయాలా అని ధర్మరాజు అడిగితే, అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ఆంగిరస వంశంలో పూర్వం జరిగినదంటూ చిరకారి అనే ఒక కుర్రవాడి కథ చెబుతాడు. ఆ కుర్రవాడు గౌతమ మహర్షి కొడుకు. ఏ పని చెప్పినా చాలాసేపు ఆలోచించేవాడు, చాలాసేపు మేలుకొనేవాడు, చాలాసేపు నిద్రపోయేవాడు, చాలాసేపటికి గాని పని ముగించేవాడు కాడు కనుక అతనికి ఆ పేరు వచ్చిందని భారతమే చెబుతుంది. ముందుచూపు లేని జనం అతన్ని సోమరి అనీ, మందబుద్ధి అనీ అనేవారని కూడా అక్కడే ఉంది.

ఒకనాడు గౌతముడు భార్య శీలం విషయంలో పట్టరాని కోపం తెచ్చుకొన్నాడు. మిగిలిన కొడుకులను కాదని ఈ చిరకారినే పిలిచి, ‘ఈ నీ తల్లిని చంపు’ అని ఆజ్ఞాపించి, వెనకాముందు చూడకుండా అడవికి వెళ్లిపోయాడు. చురుకైన కొడుకులుండగా ఈ నిదానస్తుడినే ఎందుకు ఎంచుకొన్నాడో భారతం చెప్పదు. ఆజ్ఞ ఇస్తున్న నోటికి తెలియకపోయినా, అది వెంటనే జరగకూడదని ఆ తండ్రి మనసులో ఏ మూలనో ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, కథలో లేదు. కొడుకు ‘సరే’ అన్నాడు. ఆ ‘సరే’ను కూడా చాలాసేపటికి అన్నాడని వ్యాసుడు చెప్పడం ఈ కథలో నాకు మొదటి నుంచీ ఇష్టమైన చోటు.

తండ్రి వెళ్లాడు. తల్లి అక్కడే ఉంది. కొడుకు చేతిలో శస్త్రం ఉంది. అతడు ఆలోచించడం మొదలుపెట్టాడు. ‘తండ్రి ఆజ్ఞను ఎలా నెరవేర్చాలి? తల్లిని చంపకుండా ఎలా ఉండాలి? ధర్మం అనే ఈ మిషలో మునిగిపోకుండా ఎలా బయటపడాలి?’ అన్నది అతని మొదటి ప్రశ్న. తండ్రి ఆజ్ఞ పరమధర్మం, తల్లిని కాపాడడం స్వధర్మం, కొడుకుగా పుట్టడమంటేనే స్వతంత్రం లేకపోవడం, ఈ మూడూ కలిసి తనను పీడించకుండా ఎలా ఉంటాయని తనలో తాను అనుకొన్నాడు. అక్కడి నుంచి మొదట తండ్రి పక్షం తీసుకొని, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నట్లు వాదించాడు. తండ్రే భార్య గర్భంలో తనను తాను నిలుపుకొంటాడు, శరీరం మొదలుకొని ఇవ్వదగినవన్నీ తండ్రి ఒక్కడే ఇస్తాడు, కనుక తండ్రి మాటను చేయవలసిందే గాని విచారించకూడదు, ఆ మాట పాటించినవాడి పాపాలు కూడా కడుక్కుపోతాయి అంటాడు. సరిగ్గా ఇక్కడే వస్తుంది మీరు అచ్చువేసిన ‘పితా ధర్మః పితా స్వర్గః’. తండ్రి సంతోషిస్తే దేవతలందరూ సంతోషిస్తారని ఆ శ్లోకం ముగుస్తుంది. ఆ వెంటనే అతడు, పువ్వు తొడిమను విడిచి రాలిపోతుంది, పండు చెట్టును విడిచి రాలిపోతుంది, తండ్రి మాత్రం ఎంత కష్టపడుతున్నా బిడ్డ మీది ప్రేమను విడవడు అని కూడా అంటాడు. చెట్టును గురించిన ఈ మాట మనం ఎక్కడా అచ్చువేసుకోకపోవడం నాకు కొంచెం వెలితిగానే ఉంటుంది.

తండ్రి మాటను ‘విచారించకూడదు’ అన్న వాక్యాన్ని ఆ మాటనే విచారిస్తూ నిలబడిన కొడుకు చేత పలికించడంలో ఉన్న చమత్కారాన్ని గమనించమని మనవి. అంటే మనం తండ్రికి తిరుగులేని స్తుతిగా చదువుకొంటున్న శ్లోకం, ఒక వ్యాజ్యంలో ఒక పక్షం వినిపించిన వాదం. ఆ పక్షం వాదన ముగిశాక అతడు ‘చింతయిష్యామి మాతరమ్’ అంటాడు, ఇక తల్లిని గురించి ఆలోచిస్తాను అని. తీర్పు ఇంకా రాలేదు.

రెండో పక్షంలో వచ్చే శ్లోకం కూడా మీ పాఠకులందరికీ తెలిసినదే. ‘నాస్తి మాతృసమా ఛాయా నాస్తి మాతృసమా గతిః’ అని అమ్మను గురించి మే నెలలో మీరే చాలాసార్లు వేసిన శ్లోకం అది. తల్లి వంటి నీడ లేదు, తల్లి వంటి దిక్కు లేదు, తల్లి వంటి రక్షణ లేదు అని చెప్పి, నాలుగో పాదంలో కొన్ని ప్రతులు ‘ప్రియా’ అంటే, కొన్ని ప్రతులు ‘ప్రపా’ అంటాయి. ప్రప అంటే చలివేంద్రం. ఎండలో నడిచి వచ్చినవాడికి నీడ, దారి, కాపు చెప్పిన తరువాత చలివేంద్రమే పొందికగా ఉంటుంది గనుక నా ఓటు ఆ పాఠానికే. మే నెలలో ఒక శ్లోకం, జూన్‌లో ఒక శ్లోకం వేరువేరుగా అచ్చవుతున్నాయి గాని, నిజానికి ఆ రెండూ ఒకే కొడుకు ఒకే చోట నిలబడి కొద్ది శ్లోకాల వ్యవధిలో అన్న మాటలు. ఒకదాని నుంచి రెండోదానిని విడదీస్తే తరాజు సిబ్బెల్లో ఒకటి తీసివేసి రెండోదానిని మాత్రం చూపించినట్లవుతుంది.

తల్లి పక్షాన అతడు చెప్పినవి ఇంకా ఉన్నాయి. కడుపులో మోసింది కనుక ధాత్రి, కన్నది కనుక జనని, అవయవాలను పెంచింది కనుక అంబ అని తల్లి పేర్లను ఒక్కొక్కటిగా విప్పుతాడు. కొడుకులూ మనవలూ ఉన్న ముసలివాడు నూరేళ్ల వయసులో కూడా తల్లి దగ్గరికి వెళితే రెండేళ్ల పిల్లవాడిలా మెలగుతాడనీ, తల్లి పోయిన నాడే మనిషి ముసలివాడవుతాడనీ, ఆనాడే అతనికి లోకం శూన్యమవుతుందనీ అంటాడు. బిడ్డ ఏ గోత్రం వాడో, ఎవరి బిడ్డో తెలిసినది తల్లికేనని గుర్తు చేస్తాడు. ఆపైన తండ్రి మీదికే ప్రశ్న తిప్పుతాడు: భార్యను భరిస్తాడు కనుక భర్త, పాలిస్తాడు కనుక పతి, ఆ గుణాలు లేని నాడు అతడు భర్తా కాడు, పతీ కాడు. ఇటువంటి చోట అపరాధం స్త్రీది కాదు, పురుషుడిదే అని తేల్చి చెబుతాడు. తల్లి చంపదగినది కాదన్న సంగతి తెలివి లేని పశువులకు సైతం తెలుసునంటాడు. చివరికి, తండ్రి దేవతలందరూ ఒక్కచోట చేరిన రూపమైతే, తల్లి దేవతలూ మనుషులూ కూడా చేరిన రూపం అంటాడు. తరాజు ముల్లు ఎటు మొగ్గిందో ఆ మాటతో తెలిసిపోతుంది. ఇవన్నీ ఒక మందబుద్ధి అనిపించుకొన్నవాడి ఆలోచనలని మరవకూడదు.

అయితే కథలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది కొడుకు ఆలోచన కాదు, అదే సమయంలో అడవిలో ఉన్న తండ్రి ఆలోచన. కొడుకు ఎంతసేపు ఆగాడో అంతసేపూ తండ్రికి కూడా కోపం చల్లారడానికి వ్యవధి దొరికింది. ఇక్కడ ఆయన పేరు మేధాతిథి అని కూడా చెబుతారు. ఆయన తన తొందరను తలుచుకొని కన్నీరు పెట్టుకొంటూ ఆశ్రమానికి తిరిగి వస్తాడు. ఇంద్రుడు బ్రాహ్మణ రూపంలో అతిథిగా తన ఇంటికి వచ్చాడు, తానే మంచి మాటలతో స్వాగతించి అర్ఘ్యపాద్యాలు ఇచ్చాడు, ఆ తరువాత జరగరానిది జరిగితే అందులో భార్య తప్పేమిటని తనను తాను నిలదీసుకొంటాడు. ఈర్ష్య తనను లాగివేసి పాపసముద్రంలో ముంచిందని ఒప్పుకొంటాడు. ఈ అధ్యాయం ఆ తల్లి పేరు చెప్పదు గాని, గౌతముడు, ఇంద్రుడు, మారువేషం అనగానే అహల్య గుర్తుకు రాని తెలుగువారుండరు. బాలకాండలో శాపాలు పెట్టి వెళ్లిపోయిన గౌతముడికీ, ఇక్కడ ఏడుస్తూ తిరిగి వస్తున్న గౌతముడికీ ఎంత దూరముందో చూడండి.

దారి పొడుగునా ఆయన చేసే ప్రార్థన ఒక్కటే. ‘చిరకారీ, నీకు మేలు కలుగుగాక. ఈ రోజు కూడా నువ్వు ఆలస్యం చేసి ఉంటే నిజంగా చిరకారివే. నన్నూ, నీ తల్లినీ, నేను సంపాదించిన తపస్సునూ కాపాడు, నిన్ను నువ్వు పాపం నుంచి కాపాడుకో. నీ తల్లి నీ కోసం చిరకాలం ఎదురుచూసింది, నిన్ను చిరకాలం గర్భంలో మోసింది, ఆ నీ నిదానాన్ని ఈ రోజు సార్థకం చెయ్యి’ అని. చెప్పిన పని కొడుకు చేయకుండా ఉండాలని మొక్కుకొన్న తండ్రి మన వాఙ్మయంలో మరొకరున్నారా అని ఆలోచిస్తే నాకు వెంటనే ఎవరూ తట్టడం లేదు.

తండ్రి వచ్చేసరికి కొడుకు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. తండ్రిని చూడగానే శస్త్రం వదిలేసి, తల నేలకు ఆనించి ఆయన పాదాల మీద పడ్డాడు. భార్య కదలిక లేకుండా, కొయ్యబారినట్లు ఉంది. అప్పుడు గౌతముడు కొడుకును చిరకాలం పొగిడాడు, చిరకాలం అతని తల మూర్కొన్నాడు, చిరకాలం రెండు చేతులతో కౌగిలించుకొన్నాడు, ‘చిరంజీవ’ అన్నాడు. సంస్కృతంలో ఒకే శ్లోకంలో ‘చిరం’ నాలుగుసార్లు వస్తుంది. ఊళ్లోవాళ్లు వెక్కిరింపుగా పెట్టిన పేరును తండ్రి చివరికి దీవెనగా మార్చిన తీరు అది.

ఈ కథను చెబుతున్నది ఎవరో కూడా గమనించవలసిన విషయమే. తండ్రి పెళ్లి కోసం పడవవాడి ముందు నిలబడి, ఒక్క క్షణం తటపటాయించకుండా భీషణ ప్రతిజ్ఞ చేసినవాడు భీష్ముడు. ఆ ప్రతిజ్ఞ వల్ల తండ్రికి సుఖం కలిగింది నిజమే గాని, ఆ వంశానికి తరువాత ఏమైందో ఆయన కళ్లారా చూశాడు. అన్నీ అయిపోయాక, బాణాల మీద పడుకొని, ‘ఆలోచించి ఆగిన కొడుకు గొప్పవాడు’ అని మనవడికి చెబుతున్నాడు. వ్యాసుడు దీనిని ఉద్దేశించి పెట్టాడో లేదో గాని, మీ ప్రత్యేక పుటలో దేవవ్రతుడి బొమ్మ పక్కనే ఆయన చెప్పిన ఈ కథ కూడా ఉండి ఉంటే ఆ బొమ్మకు మరింత అర్థం వచ్చేది.

చిరకారి కథకు సరిగ్గా ఎదురుగా నిలిచేది పరశురాముడి కథ. అది వనపర్వంలో ఉంది. రేణుక మీద కోపించిన జమదగ్ని ఆమెను చంపమని కొడుకులను వరుసగా ఆజ్ఞాపిస్తాడు. పెద్దవాళ్లు నలుగురూ దిగ్భ్రమతో మాట రాక నిలబడిపోతే, వాళ్లను పశుపక్షుల్లా చైతన్యం లేనివాళ్లు కమ్మని శపిస్తాడు. చివరివాడైన రాముడు గొడ్డలి ఎత్తి ఆ పని చేస్తాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే, తల్లి బతకాలనీ, తనను చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదనీ, అన్నలు మామూలు మనుషులు కావాలనీ కోరుకొంటాడు. ఈ కథ మన పిల్లలందరికీ తెలుసు. వరమిచ్చే తండ్రి ఉన్నాడు కనుక అక్కడ చేసిన పనిని వెనక్కు తిప్పుకోవడం సాధ్యమైంది. చిరకారి దగ్గర అటువంటి వరం లేదు. అతని దగ్గర ఉన్నది ఆలోచన, దానికి కావలసిన సమయం. పిల్లలకు మనం ఏ కథ ముందు చెబుతున్నామో, ఏ కథ అసలు చెప్పడమే లేదో ఒకసారి చూసుకోవాలని నా అభిప్రాయం.

నేను చాలా సంవత్సరాలు బడిలో సంస్కృతం చెప్పాను. ఈ కథను తరగతిలో చెప్పేటప్పుడు, కొడుకు చేతిలో శస్త్రం ఉండగా ఆపి, మీరైతే ఏం చేస్తారని అడగడం నాకు అలవాటు. పారిపోతామని కొందరూ, అమ్మను దాచిపెట్టి చంపేశామని చెబుతామని కొందరూ, నాన్నతో పోట్లాడతామని కొందరూ అనేవారు. ఒకసారి చివరి వరసలోని ఒక అమ్మాయి లేచి, ‘అంతసేపూ వాళ్లమ్మ ఏం చేస్తోంది మాస్టారూ?’ అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వెళ్లి మళ్లీ అధ్యాయమంతా చదివాను. ఆ తల్లి ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమె పక్షాన కొడుకు మాట్లాడతాడు, భర్త మాట్లాడతాడు, భీష్ముడు మాట్లాడతాడు. ‘పురుషుడే అపరాధి’ అన్న మాట ఆ కాలానికి ఎంత సాహసమైనదైనా, ఆమె నోట ఒక్క వాక్యం లేకపోవడం ఈ కథలోని లోటేనని నేను ఒప్పుకొంటాను. ఆ అమ్మాయి అడిగే వరకు అది నాకు తోచలేదన్నది కూడా నిజం.

ఇది బద్ధకాన్ని సమర్థించే కథ అని కొందరు అనవచ్చు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నవాళ్లమూ మనమే, ‘నిదానమే ప్రధానం’ అన్నవాళ్లమూ మనమే. భీష్ముడు ఈ గందరగోళానికి చోటివ్వలేదు. రాగంలో, గర్వంలో, అభిమానంలో, ద్రోహం తలపెట్టినప్పుడు, పాపకార్యంలో, ఇతరులకు అప్రియమైనది చేయవలసి వచ్చినప్పుడు నిదానించేవాడిని మెచ్చుకోవాలని పట్టిక వేసినట్లు చెబుతాడు. బంధువులు, స్నేహితులు, సేవకులు, స్త్రీలు, వీరి తప్పు స్పష్టంగా తేలనప్పుడు కూడా నిదానించాలంటాడు. స్నేహం నెమ్మదిగా చేసుకోవాలి, చేసుకొన్న స్నేహాన్ని వదులుకోవలసి వస్తే ఇంకా నెమ్మదిగా వదులుకోవాలి. బావిలో పడినవాడిని పైకి లాగే ముందు చాలాసేపు ఆలోచించమని ఆయన ఎక్కడా అనలేదు.

మరో సంగతి. ఈ అధ్యాయం ముగిసిన వెంటనే వచ్చే అధ్యాయం కూడా తండ్రీకొడుకులదే. సావిత్రి భర్తగా మాత్రమే మనకు తెలిసిన సత్యవంతుడు, తన తండ్రి ద్యుమత్సేనుడితో మరణశిక్ష గురించి అక్కడ వాదిస్తాడు. చంపడం ధర్మమని పేరు పెట్టుకొన్నంత మాత్రాన అది ధర్మం కాజాలదంటాడు. ఒక దొంగను చంపితే అతని భార్యనూ, తల్లినీ, తండ్రినీ, కొడుకునూ, ఏ తప్పూ చేయనివాళ్లందరినీ చంపినట్లేనంటాడు. తండ్రి రాజ్యం నడిపినవాడి అనుభవంతో అడ్డుచెబుతాడు, కొడుకు వినయంగానే తన మాట మీద నిలబడతాడు. ఆజ్ఞను తూచిన కొడుకు కథ పక్కనే, తండ్రితో వాదించిన కొడుకు కథ రావడం యాదృచ్ఛికమని నేను అనుకోలేను. తండ్రి మాటను శిరసావహించిన కొడుకులే మన పురాణాల నిండా ఉన్నారన్న అభిప్రాయం ఈ రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివితే నిలవదు.

కాబట్టి తమకు నా విన్నపం చిన్నది. వచ్చే ఏడాది అదే శ్లోకం వేసేటప్పుడు, కింద ‘మహాభారతం’ అని మాత్రమే కాకుండా ‘శాంతిపర్వంలో చిరకారి’ అని వేయించండి. వీలుంటే ‘నాస్తి మాతృసమా ఛాయా’ను కూడా దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో అచ్చువేయండి. పిల్లల పుటలో బొమ్మలతో ఈ కథ వేయదలచుకొంటే, కొడుకు శస్త్రం పట్టుకొన్న బొమ్మకన్నా అది నేల మీద పడి ఉన్న బొమ్మ వేయించండి. ఆ బొమ్మలో తల్లి ముఖం కూడా కనబడేటట్లు చూడమని చిత్రకారుడికి చెప్పండి. ఆనాటి ఆ అమ్మాయి ప్రశ్నకు నేను ఇవ్వలేని సమాధానం ఆయన కుంచె అయినా ఇస్తుందేమో.

ఇట్లు
భవదీయుడు,
విశ్రాంత సంస్కృత ఉపాధ్యాయుడు, మీ పాఠకుడు